ఎదుటి ఎలక్ట్రోడ్ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

నీటి నుంచి హైడ్రోజన్ తీసే చౌక ఉత్ప్రేరకం గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ప్లాటినంకు దీటుగా పనిచేసిందని రాశారు. నీళ్లలో కరెంటు పారాలంటే రెండు ఎలక్ట్రోడ్లు కావాలి: ఒకటి పరీక్షించే ఉత్ప్రేరకం ఉన్నది, రెండోది దానికి ఎదురుగా ఉండేది. ఆ ఎదుటి ఎలక్ట్రోడ్ దేంతో చేసిందో రాయలేదు. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబులో బీకర్లు కడిగినవాణ్ణి, నాకు ముందుగా తట్టింది అదే.

మునుగోడు వైపు ఒక కాలేజీలో పనిచేసేటప్పుడు ఓసారి ప్రాక్టికల్స్ రోజునే డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. బోరు నీళ్లే పోసి బ్యాటరీ తగిలించాం. మైనస్ వైపు ప్లాటినం రేకు నుంచి మొదట బుడగలు జోరుగా లేచాయి. కాసేపటికి పలచబడ్డాయి. తీసి చూస్తే రేకుకు సున్నం కొట్టినట్టు తెల్లపొర! గోటితో గీకితే పొడి రాలింది. పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచితే బుసబుస పొంగి పోయింది. హైడ్రోజన్ వెలువడే చోట నీళ్లు క్షారమవుతాయి, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం అక్కడే పేరుకుంటాయి. మా జిల్లా నీళ్లంటే అందరూ ఫ్లోరైడే తలుస్తారు గానీ, ఈ కాల్షియం, మెగ్నీషియం వల్ల పప్పు ఉడకని సంగతి మా కుక్కర్లకు తెలుసు.

అలాగని మలినం ప్రతిసారీ చెరుపే చేయదు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రవ్వంత ఇనుము కలిసి ఉంటే, నికెల్ ఎలక్ట్రోడ్ మీద ఆక్సిజన్ ఇంకా సులువుగా వెలువడుతుందని 1987లోనే కారిగన్ అనే శాస్త్రవేత్త చూపించారు. అంటే నికెల్ ఖాతాలో వేసిన మెప్పులో ఇనుముకూ వాటా ఉందన్నమాట. ఇక ఎదుటి ఎలక్ట్రోడ్ ప్లాటినం అయితే, ఆసిడ్‌లో అది కొద్దికొద్దిగా కరిగి వచ్చి, మనం పరీక్షించే పదార్థం మీదే కూర్చుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఉత్ప్రేరకం మెరుగుపడుతోందని సంబరపడతాం. 'ప్లాటినం లేకుండానే' వచ్చిందన్న ఫలితం ప్లాటినం చలవే కావచ్చు. ఎదుట ప్లాటినం బదులు గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్లీ చేస్తే బండారం బయటపడుతుంది.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ (ముఖ్యంగా సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) మిషన్ లక్ష్యం 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు. కిలో హైడ్రోజన్‌కు లెక్క ప్రకారమే 9 కిలోల నీళ్లు కావాలి, అవీ బాగా శుద్ధి చేసినవి. 'నీళ్లు ఎక్కడైనా దొరికేవే' అన్న మీ వాక్యం మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లతో అల్లాడిన మర్రిగూడలో ఎవరికైనా చదివి వినిపించండి.

ఈసారి ఇలాంటి వార్త వేసేముందు ఎదుటి ఎలక్ట్రోడ్ ఏది, ఎన్ని గంటలు నడిపారు, ఏ నీళ్లు వాడారు అని మీ విలేకరిని అడగమనండి.

- ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్, నల్గొండ