చెంచాల బుట్ట గురించి

గుంటూరు, బ్రాడీపేట

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న అందింది. బెజవాడ పటమటలో కొత్త ఇంటి సంగతులన్నీ రెండు పేజీలలో ముగించి, మూడో పేజీ మొత్తం డిష్‌వాషర్‌లో చెంచాలు శుభ్రపడటం లేదన్న దిగులుతోనే నింపావు. చెల్లెమ్మ వాటిని మళ్లీ సింకులో వేసి పీచుతో తోముకుంటున్నదని చదివి నాకు బాధ కలిగింది. అంట్ల పని తగ్గాలని కొన్న యంత్రం ఆ పనిని రెండింతలు చేయకూడదు. మూడేళ్లుగా మా ఇంట్లో ప్రతి రాత్రి దానిని సర్దేది నేనే కనుక, నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను.

డిష్‌వాషర్‌లోని చెంచాల బుట్టలో అన్నం చెంచాలన్నీ ఒక గడిలో, టీ చెంచాలన్నీ మరొక గడిలో, ఫోర్కులు ఇంకొక గడిలో వేస్తున్నానని రాశావు. తీసేటప్పుడు వాటంగా ఉంటుందని నేనూ మొదట్లో అలాగే చేశాను. చిక్కంతా అక్కడే ఉంది. ఒకే ఆకారం గల చెంచాలు ఒకదాని వీపుకు ఒకటి అతుక్కొని కూర్చుంటాయి, వాటి నడుమకు నీటి ధార చేరదు, పెరుగూ ముద్దపప్పూ అక్కడే ఎండి గట్టిపడతాయి. అందుచేత ప్రతి గడిలోనూ చిన్నవీ పెద్దవీ కలిపి, చెంచా పక్కన ఫోర్కు వచ్చేలా, కాడలు కిందికీ తలలు పైకీ ఉండేలా నిలబెట్టు. చాకులను మాత్రం మొన కిందికి ఉంచు, ఎందుకంటే పొద్దున్నే నిద్రకళ్లతో బుట్టలో చేయి పెట్టేది మనమే. బుట్ట పైన చిల్లుల మూత ఉంటే తీసి పారేయకు, ఒక్కొక్క చిల్లులో ఒక్కొక్క చెంచా దించితే అవి ఒకదానినొకటి తాకనే తాకవు. ఉదయం వాటిని వేరు చేసి సొరుగులో సర్దడానికి మహా అయితే రెండు నిమిషాలు పడుతుంది; మళ్లీ తోముకోవడంతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు.

పైన మూడో అర ఉన్న మెషీన్ కొనవలసిందేమో అని అడిగావు. అందులో చెంచాలు విడివిడిగా పడుకొని ఉంటాయి కాబట్టి బాగా శుభ్రపడతాయి, నిజమే. కానీ మన ఇళ్లలోని లోతైన సాంబారు గరిటెలు ఆ తక్కువ ఎత్తులో పట్టవు. మన వంటకు బుట్టే మేలని నా గట్టి అభిప్రాయం.

గరిటెల మాట వచ్చింది కనుక చెబుతున్నాను, పొడుగు కాడ గరిటెనూ అట్లకాడనూ బుట్టలో నిలబెట్టకు. కాడ బుట్ట అడుగు నుంచి కిందికి పొడుచుకు వస్తే నీరు చిమ్ముతూ తిరిగే కింది నీటి చెయ్యి ఆగిపోతుంది, తల పైకి తగిలితే పై చెయ్యి ఆగిపోతుంది, చెయ్యి తిరగకపోతే ఆ రాత్రి ఏ గిన్నె మీదా నీరు సరిగ్గా పడదు. వాటిని పై అరలో, గుంట బోర్లా ఉండేలా పడుకోబెట్టి, తలుపు మూసే ముందు ఆ రెండు నీటి చేతులనూ వేలితో ఒకసారి తిప్పి చూడు. 1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ అంట్లు తోమే యంత్రానికి పేటెంటు పొందినప్పుడు, పళ్లేలకూ కప్పులకూ సాసర్లకూ కొలతలు తీసి, దేనికి తగిన తీగల గడి దానికి కట్టించింది. ఆ కొలతలలో మన గరిటె లేదు, దాని చోటు మనమే చూసుకోవాలి.

ఇక చెంచాల మీద పడుతున్నాయన్న తెల్లటి మరకల సంగతి. నిమ్మచెక్కతో రుద్ది చూడు. మరక కరిగిపోతే అది బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం పెట్టిన పొరే. నీటిలో ఇవి ఎంత ఉన్నాయో చెప్పేదే కాఠిన్యం. తాగే నీటిలో అది లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా ఫరవాలేదని మన భారతీయ ప్రమాణం చెబుతుంది; మా వీధి బోర్ల నీటితో స్నానం చేస్తే సబ్బు నురగే రాదు. మెషీన్ అడుగున ఉన్న ఉప్పు అర అందుకోసమే. అక్కడి రెజిను గుళికలు నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి, ఉప్పునీరు ఆ గుళికలను కడిగి మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. వంట ఉప్పు పోయవద్దు, దానిలో గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఆ భాగాన్ని పాడు చేస్తాయి. నీ నీటి కాఠిన్యాన్ని పరీక్ష కాగితంతో చూసి, మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో చెప్పిన అంకెకు మెషీన్‌ను మార్చు.

గిన్నెలను ముందే కడిగి పెట్టవలసిన అవసరం లేదు. డిటర్జెంటులోని ఎంజైములు పిండిపదార్థాన్నీ మాంసకృత్తులనూ విడగొట్టగలవు. మెతుకులూ కరివేపాకూ నూనే తీసివేస్తే చాలు. మన తాలింపులోని ఆవాలు మాత్రం మెషీన్ అడుగున ఉన్న జల్లెడలోకి చేరతాయి, అందుకని నేను ప్రతి ఆదివారం దానిని విప్పి కడుగుతాను, నీటి చేతుల చిల్లులలో ఇరుక్కున్న వాటిని చీపురుపుల్లతో తీస్తాను.

ఒక్క విషయంలో నేను చేసిన తప్పు నీవు చేయకూడదు. మా అమ్మాయి అన్నప్రాశననాటి వెండి చెంచాను ఒకసారి స్టీలు చెంచాలతో కలిపి అదే గడిలో వేశాను. ఆ వేడి నీటిలో స్టీలును ఆనుకొని ఉన్న వెండి మీద నల్లని మచ్చలు లేచాయి. మా అమ్మ దానిని చేతిలోకి తీసుకొని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆనాటి నుంచి వెండీ, ఇత్తడీ, రాగీ, చెక్క పప్పుగుత్తీ మా ఇంట్లో చేతితోనే కడుగుతున్నాము.

పని అయిన వెంటనే తలుపు తెరవకు, కాసేపు ఆగి జానెడు తీసి ఉంచితే ఆవిరి పోతుంది. ఉదయం కింది అర ముందు ఖాళీ చేయి, లేకపోతే పై గ్లాసుల అడుగున నిలిచిన నీళ్లు కింద ఆరిన చెంచాల మీద కారతాయి. చెంచాలను మెత్తటి పాత పంచె గుడ్డతో ఒకసారి తుడిచిన తరువాతే సొరుగులో పెట్టు, తడి ఉంటే సొరుగులో ముక్కిన వాసన పడుతుంది.

ఈ రాత్రే బుట్టను కొత్త పద్ధతిలో సర్ది చూడు. ఉదయం చెంచాలు ఎలా వచ్చాయో చెల్లెమ్మను అడిగి నాకు రాయి. అప్పటికీ తెల్లపొర పోకపోతే నీ మెషీన్‌లో కాఠిన్యం అంకె ఎంత పెట్టి ఉన్నదో కూడా తెలియజేయి, వచ్చే శనివారం నేనే పరీక్ష కాగితాలు తీసుకొని బెజవాడ వస్తాను.

నీ ప్రియమిత్రుడు