జారనివ్వని బలం

కొరాపుట్,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. మొన్న హాస్టల్ ఫోనులో నువ్వు అడిగినదానికి నేను జవాబు మొదలుపెట్టేలోపే నీ వెనక నిలబడ్డ అమ్మాయి తొందర పెట్టింది. "ఘర్షణే లేకపోతే నీ రైలు ఇంకా హాయిగా పోయేది కదా నాన్నా?" అన్నావు. ఇన్నేళ్లుగా ఖనిజం బండ్లు లాగుతున్నవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక కాగితం తీశాను.

నీ జవాబు పత్రం అమ్మ చూపించింది. "ఘర్షణ ఎప్పుడూ చలనాన్ని వ్యతిరేకిస్తుంది" అని రాశావు. ఇక్కడి బడిలో ఒడియాలో చదివినప్పుడు కూడా ‘ఘొర్సొణొ’ అంటూ ఇదే వాక్యం వల్లె వేసేదానివి. పలకడంలోనే తేడా, మాట ఒకటే. ఆ వాక్యంలో ఒక్క ముక్క మార్చుకో తల్లీ: చలనాన్ని కాదు, జారడాన్ని. ఆనుకుని ఉన్న రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారబోతే ఘర్షణ అడ్డుపడుతుంది. అలా అడ్డుపడడం వల్ల ఒక్కోసారి వస్తువు ఆగుతుంది, ఒక్కోసారి ముందుకు కదులుతుంది.

వానాకాలంలో మన వీధి ఎర్రమట్టిలో నడక గుర్తుందా? అడుగు వేసినప్పుడు పాదం నేలను వెనక్కి నెడుతుంది. నేల పట్టు ఇస్తే నువ్వు ముందుకు వెళతావు, పట్టు ఇవ్వకపోతే పాదం వెనక్కి జారి మోకాళ్ల మీద పడతావు. నిన్ను ముందుకు తోసింది నేల ఇచ్చిన ఘర్షణ బలమే. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ 1687లో అచ్చువేసిన సూత్రం ఇక్కడ నీ చెప్పు కింద పనిచేస్తోంది.

నా ఇంజనూ అలాగే నడుస్తుంది. దాని బరువు 123 టన్నులు, చక్రాలు 12. అంటే ఒక్కో చక్రం మీద పది టన్నులకు పైగా బరువు. ఆ చక్రం పట్టాను తాకే చోటు ఎంత ఉంటుందో తెలుసా? నీ బొటనవేలి గోరంత. ఆరు వేలకు పైగా హార్స్‌పవర్ ఉన్నా, అదంతా ఆ పన్నెండు గోళ్లంత చోటు గుండానే పట్టాకు చేరాలి. పొడి పట్టా అయితే బరువులో సుమారు మూడో వంతు దాకా పట్టు దొరుకుతుంది. మోటారు అంతకు మించి తిప్పిందా, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

ఒక రాత్రి అదే జరిగింది. జయపురం దాటి మన ఊరి వైపు ఎక్కుతున్నాం, వెనక నిండు ఖనిజం. తుంపర మొదలైంది. జోరువాన పట్టాలను కడిగేస్తుంది, అది నయం. తుంపరే ప్రమాదం. పట్టా మీది తుప్పు, దుమ్ము, నూనె చెమ్మతో కలిసి జిగురులా మారతాయి. చక్రాలు కీచుమన్నాయి, చక్రం జారుతోందని చెప్పే దీపం వెలిగింది. అలాంటప్పుడు కొత్తవాళ్లు ఇంకా శక్తి పెంచబోతారు. నేను తగ్గించాను. ఎందుకో నీ పుస్తకంలోనే ఉంది: జారుతున్నప్పుడు ఉండే జారుడు ఘర్షణ, జారకుండా పట్టి ఉంచే స్థైతిక ఘర్షణ కన్నా తక్కువ. సరిగ్గా దొర్లే చక్రం పట్టాను తాకే చోట ఆ క్షణానికి కదలకుండా నిలిచి ఉంటుంది, అందుకే అక్కడ దొరికేది స్థైతిక ఘర్షణ. జారడం మొదలైతే అది చేజారిపోతుంది. శక్తి తగ్గించి, చక్రాన్ని మళ్లీ దొర్లనిచ్చి, అప్పుడు ఇసుక వదిలాను. అవును, ఇసుకే. ఇంజనులో పొడి ఇసుక పెట్టెలుంటాయి. గొట్టంలోంచి గాలితో చక్రం ముందు పట్టా మీదికి చిమ్ముతాం. కిటికీలోంచి తల పెట్టి వింటే చక్రం కింద ఇసుక నలిగే కరకర వినిపించింది. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. బండి మెల్లగా కదిలింది.

నీ మాటలోనూ నిజం లేకపోలేదు. ఇరుసుల్లో ఘర్షణ మాకు వద్దు, అందుకే అక్కడ రోలర్ బేరింగులు, గ్రీజు. చదునైన దారిలో నెమ్మదిగా దొర్లుతున్న వ్యాగనుకు టన్నుకు రెండు మూడు కిలోల బరువును ఎత్తేంత బలం చాలు, వేగం తగ్గకుండా సాగిపోతుంది. కదులుతున్నది అదే వేగంతో కదులుతూ ఉండాలనుకునే గుణమే జడత్వం. కానీ అదే జడత్వం ఆపేటప్పుడు ఎదురు తిరుగుతుంది. బ్రేకు వేశాక కూడా నిండు బండి వందల మీటర్లు పోతుంది. గేటు కింద దూరి పట్టాలు దాటేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మీ దారిలో గేటు ఉంది కదా, ఎంత ఆలస్యమైనా ఆగు.

ఇక దిగుడు. అరకు దాటాక శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి మైదానం దాకా వాలే. అరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలు మీద 90 టన్నుల వ్యాగను ఒకటిన్నర టన్నుల బలంతో తనంతట తానే కిందికి లాగుతుంది. అలాంటివి వరుసగా యాభై ఉన్నాయనుకో, లెక్క నువ్వే వేసుకో. అప్పుడు మమ్మల్ని కాచేది బ్రేకు దిమ్మల ఘర్షణా, మోటార్లనే జనరేటర్లుగా తిప్పి వేగాన్ని కరెంటుగా మార్చే ఏర్పాటూ. కింద స్టేషనులో దిగితే చక్రాల దగ్గర కాలిన వాసన వస్తుంది. బండి వేగమంతా వేడైపోయిన వాసన అది.

నువ్వొక పని చెయ్యి. పరీక్ష అట్ట మీద నోటుపుస్తకం పెట్టి, అట్ట ఒక కొస మెల్లగా ఎత్తు. పుస్తకం జారిన క్షణాన ఆ కొస ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలువు. తర్వాత దాని మీద ఇంకో పుస్తకం పెట్టి మళ్లీ కొలువు. మూడోసారి పుస్తకం కింద గుండ్రటి పెన్సిళ్లు అడ్డంగా పెట్టి చూడు. రెండు పుస్తకాలతో ఏమవుతుందో ముందే ఊహించి రాసుకో. 1699లో ఫ్రాన్సులో అమోంటాన్ అనే ఆయన బరువుకూ ఘర్షణకూ ఉన్న సంబంధం చెప్పాడు. నీ అంకెలు దానికి సరిపోతాయో లేదో కలిసి చూద్దాం.

వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు ముందు ఆ మూడు ఎత్తులూ చెప్పు, తిండి సంగతి తర్వాత అమ్మకు చెబుదువు గాని.

నీ నాన్న