పాత కారు కొనేవాళ్లకు బండి చరిత్ర తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

జీఎస్టీ తగ్గినప్పటి నుంచి పత్రికల్లోనూ, ఊళ్లో హోర్డింగుల మీదా ‘మూడున్నర లక్షలకే కారు’ అన్న ప్రకటనలు కనిపిస్తున్నాయి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు కార్ల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి వచ్చింది. సంతోషం. దానివల్ల మొదటిసారి కారు కొనుక్కున్నవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. అయితే ఈ సందట్లో నాలాంటి ఆదాయం ఉన్నవాళ్లు నిజంగా కొనే బండి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మేం కొనేది సెకండ్ హ్యాండ్ కారు. దాని గురించే ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. మా ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తారు, రోజూ బస్సులో వెళ్లి వస్తారు. ఇద్దరి జీతాలూ కలిపి నలభై రెండు వేలు. గోరంట్లలో అద్దెకు ఉంటున్నాం. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగిపోతోంది, అందుకు ప్రభుత్వానికి ఎంతో రుణపడి ఉన్నాం. పోయి రావడం మాత్రం మాదే. డయాలసిస్ అయ్యేసరికి అమ్మకు బీపీ పడిపోతుంది, నీరసంతో తల నిలబడదు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపి కుట్టినది) వేసిన చేతికి చిన్న దెబ్బ కూడా తగలకూడదు. ఆటో కుదుపుల్లో ఆ చేతిని ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని కూర్చుంటుంది. ఆటోలకే నెలకు ఐదు వేలు దాటుతోంది. డయాలసిస్‌కు రాత్రి షిఫ్టు పడితే బుక్ చేసిన ఆటో వస్తుందో రాదోనని టెన్షన్. కారు మాకు షోకు కోసం కాదని చెప్పడానికే ఇంత రాశాను.

ముందు కొత్త కార్లే చూశాం. పన్ను తగ్గాక ఆల్టో కే10 షోరూం ధర 3.70 లక్షల నుంచి మొదలైంది. అయితే ఆ ధరకు బండి ఇంటికి రాదు. లక్షకు పన్నెండు వేలకు తక్కువ కాకుండా లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలని 2018 నుంచి నిబంధన ఉంది. దానికి సొంత డ్యామేజీ బీమా, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ కలిపితే నాలుగున్నర లక్షలకు కాస్త అటూ ఇటూగా తేలింది. అన్నిటికన్నా చవక రకంలో ఏసీ ఉందా, పవర్ స్టీరింగ్ ఉందా అన్నది విడిగా అడిగి తెలుసుకోవాలి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేసే ధర ఆన్‌రోడ్ ధర అయితే సగం మందికి షోరూం దాకా వెళ్లి ఉసూరుమంటూ తిరిగొచ్చే పని తప్పుతుంది.

లెక్కలు రాసేదాన్ని కాబట్టి కిస్తీల లెక్క కూడా వేసుకున్నాను. నాలుగు లక్షల అప్పు 10 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 6,640 రూపాయలు. అదే ఐదేళ్లకైతే 8,500. పాత కార్లకు వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. రెండు లక్షలు 15 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 6,930 పైనే. అంటే సగం అప్పుకే కొత్త కారు ఏడేళ్ల కిస్తీ కన్నా ఎక్కువ కట్టాలి. అయినా మేం పాత కారు వైపే మొగ్గాం. మూడేళ్లలో అప్పు తీరిపోతుంది, మొత్తం కట్టేది రెండున్నర లక్షల దగ్గర ఆగుతుంది. ఏడేళ్ల అప్పులో అది ఐదున్నర లక్షలు దాటుతుంది. అమ్మ ఆరోగ్యం ఇలా ఉన్నప్పుడు ఏడేళ్ల బరువు నెత్తిన పెట్టుకునే ధైర్యం మాకు లేదు.

మైలేజీ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కారు అనగానే ప్రతివాళ్లూ మొదట అడిగేది అదే. మా వాడకం నెలకు నాలుగు వందల కిలోమీటర్లు మించదు. లీటరు పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే, ఇరవై కిలోమీటర్లు ఇచ్చే బండికి నెలకు 2,200, పదిహేను ఇచ్చేదానికి 2,900 పైచిలుకు. తేడా ఏడు వందలు. సీఎన్‌జీ కోసం కొత్త బండి మీద దాదాపు తొంభై వేలు ఎక్కువ పెడితే, ఇంత తక్కువ తిరిగేవాళ్లకు అవి వెనక్కి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడతాయి. రోజూ గుంటూరు నుంచి విజయవాడ కారులో వెళ్లొచ్చేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు గిట్టుబాటు అవుతుంది. తక్కువ తిరిగే మాలాంటివాళ్లను ముంచేది పెట్రోలు కాదు, రిపేర్లు. గేర్ బాక్సో ఏసీ కంప్రెసరో పోయిందంటే ఏడాది పొడుగునా పెట్రోల్లో మిగిల్చింది ఒక్కరోజులో ఊడ్చుకుపోతుంది. కాబట్టి మాకు పొదుపైన కారు అంటే చరిత్ర తెలిసిన కారు. సరిగ్గా ఆ చరిత్రే ఇక్కడ ఎవరూ చెప్పరు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవాళ్లకు వరద నష్టం రాదు. ఆ పాలసీ ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే. అలాంటివాళ్లు బండిని వచ్చిన ధరకు అమ్ముకుంటే నేను తప్పు పట్టను. ఇంట్లో బియ్యం దగ్గర్నుంచి మంచాల దాకా పోయినవాళ్లు వాళ్లు. అలా చవగ్గా కొన్న బండిని కడిగి, సీట్లు మార్చి, సంగతి దాచి మామూలు ధరకు మాకు అంటగట్టేవాళ్లతోనే నా పేచీ.

మొన్నామధ్య జాతీయ రహదారి పక్కన ఒక పాత కార్ల షాపులో 2018 మోడల్ తెల్ల కారు చూశాం. రెండు లక్షల నలభై వేలు చెప్పారు. రంగు తళతళలాడుతోంది, టైర్లు బాగున్నాయి, లోపల సెంటు వాసన. ఆటోనగర్ నుంచి మా ఆయనకు తెలిసిన మేస్త్రీని వెంట తెచ్చుకున్నాం. ఆయన బానెట్ తియ్యనేలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగారు. బయట కనిపించేంత మేర శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద అడ్డంగా బూడిద రంగు గీత, దాని కింద ఎండిన మట్టి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీయించి, ఆ గుంటలో చెయ్యి దూరని మూలల్లోకి వేలు పోనిచ్చి తీస్తే సన్నటి ఒండ్రు అంటింది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టాయి. డ్యాష్‌బోర్డు కింద టార్చి వేసి చూపిస్తే వైర్ల కనెక్టర్ల దగ్గర పచ్చటి చిలుము.

షాపాయన “వాటర్ సర్వీసింగ్‌లో అలాంటి మరకలు పడతాయి మేడం” అన్నాడు. మేస్త్రీ అక్కడ ఏమీ అనలేదు. బయటికొచ్చాక చెప్పారు: “ఇంజన్లోకి నీళ్లు పోతే విప్పి బాగు చేసుకోవచ్చమ్మా. వైరింగులోకి పోతే ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో నేను కూడా చెప్పలేను. మీ అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లే బండి కదా, ఇది వద్దు.” ఆయన పూట పని మానుకుని వచ్చారు కాబట్టి మేం బయటపడ్డాం. తెలిసిన మేస్త్రీ లేనివాళ్ల సంగతేమిటి?

కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. బీమా క్లెయిమ్ జరిగిందా, బండి మునిగిందా, గుద్దుకుందా అన్నది తెలియదు. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీలు దాన్ని టోటల్ లాస్, అంటే బండి పూర్తిగా పోయినట్టే, కింద లెక్కిస్తాయి. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. అయినా అలాంటి బండ్లు తుక్కు కింద ఆర్సీతో సహా చేతులు మారి మళ్లీ రోడ్డెక్కుతున్నాయని ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

మీ పాఠకులకు పనికొచ్చే విషయం ఒకటి. అమ్మేవాళ్ల బీమా పాలసీ కాగితం తప్పక అడగండి, ఒక్క ఏడాదిది కాదు, వీలైతే మూడు నాలుగేళ్లవి. అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) శాతం రాసి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి అది 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడిపోతుంది. ఒక ఏడాది 45 ఉండి మరుసటి ఏడాది సున్నా కనిపిస్తే, ఆ ఏడాది ఏం జరిగిందో నిలదీయండి. ఆ బోనస్ మనకు బదిలీ కాదు, అది పాత యజమానిదే. కానీ బండి సంగతి మాత్రం చెప్పేస్తుంది. పాలసీ కాగితం చూపించడానికి నసిగేవాళ్ల దగ్గర అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక ప్రభుత్వాన్ని కోరేవి. బీమా కంపెనీల క్లెయిముల సమాచారం ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దగ్గర పోగవుతుంది. అందులోంచి వరద క్లెయిమ్, టోటల్ లాస్ అన్న రెండు ముక్కలు పరివాహన్‌లో బండి నంబరు పక్కన కనిపించేలా చేయాలి. యజమాని పేరూ, అతనికి ముట్టిన డబ్బూ మాకు అక్కర్లేదు. ఇది ఢిల్లీలో తేలాల్సిన విషయం, మన ఎంపీలు కేంద్రం దృష్టికి తీసుకెళ్లాలి.

రెండోది మన రవాణా శాఖ చేతిలోనే ఉంది. పాత వాహనాలు అమ్మే డీలర్లు రిజిస్టరింగ్ అధికారి దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గుంటూరు, విజయవాడల్లో ఆ పత్రం ఎవరెవరికి ఉందో జాబితా రవాణా శాఖ ఆఫీసుల బోర్డు మీద పెట్టాలి, పత్రికలకూ ఇవ్వాలి. దానితోపాటు వంద రూపాయలో ఐదు వందలో రుసుము తీసుకుని, కొనేవాళ్ల ముందే బండిని పరీక్షించి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చే ఏర్పాటు వారానికి ఒక్కరోజైనా ఉండాలి.

మా యార్డులో ఇప్పుడు టిక్కీలు (మిర్చి బస్తాలు) జోరుగా దిగుతున్నాయి. మిర్చి డబ్బు చేతికి రాగానే పల్నాడు నుంచీ, ఇక్కడి పల్లెల నుంచీ ఎంతోమంది రైతులు సెకండ్ హ్యాండ్ కార్ల కోసం గుంటూరు, విజయవాడ వస్తారు. మా కొట్టుకు వచ్చేవాళ్లే నన్ను అడుగుతుంటారు, ఫలానా బండి తీసుకోవచ్చా అమ్మాయ్ అని. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే లోపు కనీసం ఆ డీలర్ల జాబితా అయినా బయటపెట్టమని రవాణా శాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గోరంట్ల, గుంటూరు.