ఆహార ఉపసంఘం వార్షిక నివేదిక: జార్జిటౌన్‌లో మంచి బర్గర్ ఎక్కడ?

సభ్యులందరికీ నమస్కారం.

మన పిల్లలు బర్గర్ అనగానే మాల్ వైపు చూస్తారు. పెద్దలేమో పెళ్లి సామానుకి చెన్నైలోని జార్జిటౌన్ వెళ్లి, అక్కడ ఏం తినాలో తెలియక ఆకలితో ఇంటికొస్తారు. అందుకే ఈ ఏడాది ఉపసంఘం పాత పట్నాన్ని పనిగా పెట్టుకుంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరుతో ప్రకాశం సాలై అయిన బ్రాడ్వే, గోవిందప్ప నాయకన్ వీధి, కన్యకాపరమేశ్వరి దేవస్థానం అన్నీ అక్కడే ఉన్నాయి. తెలుగువాళ్లకు అది పరాయి చోటు కాదు.

మొదట తెలుసుకోవలసింది ఇది: జార్జిటౌన్‌లోని షావుకారుపేటలో మాంసం బర్గర్ కోసం వెతకొద్దు. మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు, వాళ్లలో జైనులు ఎక్కువగా ఉండే పేట అది. అక్కడ బన్ను మధ్యలోకి వచ్చేది ఉర్లగడ్డే. జైనుల కోసం అడిగితే ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేకుండా అరటికాయతో చేసిచ్చే చోట్లూ ఉన్నాయి. వడా పావ్, దాబేలీ, ఆలూ టిక్కీ ఈ పేట బర్గర్లు. మాంసమే కావాలంటే మన్నడి వైపు వెళ్లాలి.

హైకోర్టు మెట్రోలో దిగి ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు వెంట పడమరకు నడిస్తే మింట్ స్ట్రీట్ వస్తుంది. తమిళంలో తంగసాలై అంటారు. కారు తేవద్దు, నిలిపే చోటే దొరకదు. సాయంత్రం అయిదు దాటాక పెనాలు వేడెక్కుతాయి. ఆదివారం టోకు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కనుక నడవడం సులువే కానీ, కొన్ని బండ్లు కూడా రావు. తినడం కోసమే వెళ్లేవాళ్లు శనివారం ఎంచుకోండి.

ఆలూ టిక్కీకి మింట్ స్ట్రీట్‌లోని కాకడ రాంప్రసాద్ దగ్గర ఆగండి. జిలేబీ, బాదం పాలు కూడా అక్కడే. ఇక ఈ పేటకే ప్రత్యేకమైనది మురుకు శాండ్‌విచ్: బన్నుకి బదులు రెండు పలచటి గుండ్రటి మురుకులు, మధ్యలో పచ్చ చట్నీ, టమాటా, దోసకాయ, ఉల్లి, కావాలంటే చీజ్. చేతికివ్వగానే తినెయ్యాలి. పొట్లం కట్టించుకుంటే టమాటా నీరు పీల్చుకుని మురుకు మెత్తబడుతుంది. ఓపిక ఉంటే బర్మా బజార్ ఎదుట సెకండ్ లైన్ బీచ్‌లో అత్తో (బర్మా నూడుల్స్) బండ్లున్నాయి. అది బర్గర్ కాదు. అయినా రంగం (రంగూన్) నుంచి తిరిగొచ్చిన కుటుంబాల వంట కనుక, పూర్వీకులు అక్కడికి వలసపోయిన ఉత్తరాంధ్ర సభ్యులు తప్పక రుచి చూడాలని మా కోరిక.

ఏ బండి మంచిదో పేరు బట్టి కాదు, పెనం బట్టి తెలుస్తుంది. మీ కళ్లెదుటే బన్ను కోసి, కోసిన వైపు వెన్న రాసి కాలుస్తున్నారా చూడండి. ఆ వెన్న పొర చట్నీ తడిని బన్నులోకి దిగనివ్వదు. ముందే కాల్చి పేర్చిపెట్టిన బన్ను చల్లారి తోలులా సాగుతుంది. టిక్కీ అంచు గోధుమరంగులో కరకరలాడాలి. నూనె కారుతుంటే చాలని వేడిలో వేయించారన్నమాట.

ఈ పరిశీలన నుంచే వంట శిబిరం పుట్టింది. రాలేకపోయినవాళ్ల కోసం కొలతలు ఇస్తున్నాం. కిలో ఉర్లగడ్డ తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లార్చి, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తురమాలి. వేడిమీద మెదిపితే పిండిపదార్థం జిగురై టిక్కీ బంకబంకగా వస్తుంది. 150 గ్రాముల ఉడికిన బఠాణీ తడి లేకుండా ఆర్చి, 100 గ్రాముల అటుకుల పొడి, తగినంత ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం కలపాలి. ఒక్కొక్కటి 80 గ్రాముల చొప్పున పదిహేను టిక్కీలు అవుతాయి. ఉర్లగడ్డ టిక్కీ పెనం మీద కుంచించుకుపోదు కనుక బన్ను వెడల్పుకే తట్టండి, మందం ఒకటిన్నర సెంటీమీటరు. మధ్యమంట మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. మొదటి వైపు పొర కట్టకముందే తిప్పితే విరిగిపోతుంది, చాలామంది చేతిలో చెడేది ఇక్కడే. చట్నీ పలచనైతే కాస్త పుట్నాలపప్పు పొడి వేయండి. క్యాబేజీకి ఉప్పు రాసి పది నిమిషాలాగి గట్టిగా పిండాకే బన్నులో పెట్టాలి.

చికెన్ అయితే లెక్క వేరు. రొమ్ము మాంసం ఒక్కటే వాడితే పొడిబారుతుంది, తొడ మాంసం కైమా తీసుకోండి. కుంచించుకుపోతుంది కనుక బన్నుకంటే ఒక సెంటీమీటరు వెడల్పుగా తట్టి, ఉబ్బకుండా మధ్యలో వేలితో చిన్న గుంట నొక్కండి. ఉప్పు ముందే కలిపి ఉంచితే కైమా రబ్బరులా బిగుస్తుంది, పెనం మీద వేసే ముందు చల్లితే చాలు. లోపలి వేడి 74 డిగ్రీలకు చేరేదాకా దించొద్దు.

జమాఖర్చులు కోశాధికారి నివేదికలో విడిగా ఉన్నాయి. వచ్చే ఏడాది జార్జిటౌన్ నడక శనివారాల్లోనే పెడతాం, చిన్న బృందాలుగా మాత్రమే, ఎందుకంటే మింట్ స్ట్రీట్‌లో ఎక్కువమంది ఒకేచోట నిలబడితే దారి మూసుకుపోతుంది. పేరు ఇచ్చేటప్పుడు జైన పద్ధతి కావాలా, పల్లీ పడదా అన్నది రాయండి, దాబేలీలో మసాలా పల్లీలు వేస్తారు. చిల్లర, నీళ్ల సీసా, మట్టి అంటినా ఫరవాలేని చెప్పులతో రండి.