పిల్లల తొలి రైఫిల్: వేగం కాదు, కొలత చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడితే షూటింగ్ శిబిరాల ప్రకటనలు మొదలవుతాయి. వాటితో పాటే పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఎయిర్ రైఫిల్ కొనిపెట్టాలన్న ఆలోచనా ఇళ్లలో మొదలవుతుంది. సంతోషమే. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. బధిరుల ఒలింపిక్స్ అయిన డెఫ్లింపిక్స్‌లో హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ స్వర్ణం కొట్టిందీ ఇందులోనే. కానీ దుకాణానికి వెళ్లిన తల్లిదండ్రులు మొదట అడిగే మాట "ఇది ఎంత దూరం కొడుతుంది?" అని. తప్పు అక్కడే జరుగుతోంది.

అది వేటగాడు అడగాల్సిన ప్రశ్న. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు చోటు లేదు. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకూ, శక్తి 20 జౌళ్లకూ మించని గాలి తుపాకీకి లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. కానీ లైసెన్సు అక్కర్లేదంటే పిట్టల్ని కొట్టొచ్చని కాదు. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. రెండూ ఊరి పొలిమేరలో, పెరటి చెట్ల మీద తిరిగేవే. అరుణాచల్ ప్రదేశ్‌లో ఎయిర్ గన్‌లు పక్షుల్ని ఎంతగా తుడిచిపెడుతున్నాయో చూసి, వాటిని జనం స్వచ్ఛందంగా అప్పగించేలా 2021లో అక్కడి ప్రభుత్వం ఒక కార్యక్రమమే చేపట్టింది. కాబట్టి మన పిల్లల చేతికి వచ్చే తొలి రైఫిల్ కాగితం మీది గురికే పరిమితం.

ఆ గురికి వేగంతో పనిలేదు. పోటీ రైఫిల్ నుంచి అర గ్రాము పైచిలుకు బరువున్న పెల్లెట్ (చిన్న గుండు) సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. దాని శక్తి 8 జౌళ్లు కూడా ఉండదు. గురి కాగితం మీది నల్లని వృత్తం 30.5 మిల్లీమీటర్లు, నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అంత చిన్న చుక్కను కొట్టడానికి కావలసింది నిలకడ. స్ప్రింగ్‌తో పనిచేసే రైఫిల్ పెట్టె మీద వేగం అంకె ఎంత పెద్దదైతే స్ప్రింగ్ అంత గట్టిగా ఉంటుంది, గొట్టం మడిచి దాన్ని బిగించడానికి పిల్లలు అంత అవస్థ పడతారు.

స్ప్రింగ్ రైఫిల్ చవక కాబట్టి చాలామంది అదే కొంటారు. దాని లోపం తెలిసి కొనాలి. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర ఆగిన క్షణాన మళ్లీ ముందుకు కుదుపుతుంది. ఇదంతా పెల్లెట్ గొట్టం దాటేలోపే అయిపోతుంది. దాంతో ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకుంటే దెబ్బలు చెదిరిపోతాయి. పిల్లవాడు తన గురే బాగాలేదనుకుని దిగులు పడతాడు. గొట్టం మడిచే రైఫిల్‌లో పెల్లెట్ పెడుతున్నంతసేపూ రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. ఆ సమయంలో ట్రిగ్గర్ తగిలితే గొట్టం విసురుగా మూసుకుని వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్ సీల్ (గాలి కారకుండా ఆపే భాగం) పాడవుతుంది. కుట్టు మిషన్ నూనె లోపల పోస్తే ఒత్తిడికి అది మండి పెద్ద చప్పుడుతో పేలుతుంది, సీలూ స్ప్రింగూ దెబ్బతింటాయి.

సిలిండర్‌లో గాలి నింపే పోటీ రైఫిల్‌కు ఈ కుదుపు దాదాపు లేదు. నేర్చుకోవడానికి అదే మేలు. కానీ విదేశీ మోడల్ కొత్తది లక్షల్లో ఉంటుంది కాబట్టి కొలత తప్పితే నష్టం కూడా పెద్దదే.

ఎదిగే పిల్లాడని చొక్కా ఒక సైజు పెద్దది కొన్నట్టు రైఫిల్ కొనకూడదు. మోచేయి మడిచి, ఆ మడతలో రైఫిల్ మడమ (భుజానికి ఆనే వెనక భాగం) ఆనించండి. చూపుడు వేలి మొదటి కణుపు మెత్తన ట్రిగ్గర్ మీదికి సులువుగా రావాలి. వేలు సాగదీయాల్సి వస్తే మడమ పొడవెక్కువ. ఇది మొదటి అంచనా మాత్రమే, నిలబడి పట్టినప్పుడు ఇంకాస్త పొట్టిగా ఉంటేనే నయం. షూటింగ్ జాకెట్ తొడిగించి మరీ కొలవండి. టీషర్టు మీద సరిపోయిన రైఫిల్, మందపాటి కాన్వాస్ జాకెట్ వేశాక పొడవైపోతుంది. తర్వాత పిల్లల్ని కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించమనండి. కళ్లు తెరిచేసరికి వెనక సైట్ (గురి చూసే భాగం) రంధ్రం కంటికి ఎదురుగా ఉండాలి. మెడ వంచో సాచో వెతుక్కుంటుంటే చెంప ఆనే దిమ్మ ఎత్తు మార్చాలి. మార్చే వీలు లేని రైఫిల్ ఎంత చవకైనా వద్దు.

ఇక బరువు. నియమాల ప్రకారం రైఫిల్ సైట్లతో కలిపి 5.5 కిలోలకు మించకూడదు. అది గరిష్ఠ పరిమితి, పిల్లలు అందుకోవాల్సిన లక్ష్యం కాదు. పోటీలో 75 నిమిషాల్లో 60 షాట్లు నిలబడి కొట్టాలి. నలభై కిలోల పిల్ల ఐదు కిలోల రైఫిల్ మోస్తే ఆ బరువుకు సరిచూసుకోవడానికి నడుం వెనక్కీ పక్కకీ వంచుతుంది. కొన్ని నెలల్లో అదే అలవాటైపోతుంది, వెన్ను నొప్పి మొదలవుతుంది. నాలుగు కిలోల అటూ ఇటూ ఉండే జూనియర్ మోడల్ చాలు. పది సెకన్ల చొప్పున ఇరవై సార్లు ఎత్తి దించమనండి. చివరి ఐదు సార్లలో ముందు చేయి వణికితే ఆ రైఫిల్ ఇప్పుడే వద్దు.

చాలామంది మరిచే పరీక్ష ఒకటుంది. రెండు అరచేతులూ ముందుకు చాపి, మధ్యలో చిన్న సందు చేసి, దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్నూ మూయిస్తే ఏ కంటికి వస్తువు కదలకుండా కనిపిస్తే గురికి అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమ కన్ను బలంగా ఉండటం అరుదేమీ కాదు. అలాంటప్పుడు ఎడమ కంటికి చిన్న అడ్డు పెట్టుకోవాలా, ఎడమ భుజానికి మారాలా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. టెలిస్కోప్ బిగించిన రైఫిల్‌తో ఒలింపిక్ తరహా పోటీలోకి రానివ్వరని కూడా గుర్తుంచుకోండి.

గాలి నింపే రైఫిల్ పాతది కొనేవారు ముందుగా సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడాలి. సాధారణంగా తయారైన పదేళ్ల వరకే తయారీదారు భరోసా ఇస్తాడు. గడువు దాటిన సిలిండర్‌ను పోటీల్లో సామగ్రి తనిఖీ దగ్గరే ఆపేయొచ్చు. రాత్రి సిలిండర్ పీడనం చూపే మీటర్ రీడింగ్ రాసుకుని తెల్లారి మళ్లీ చూస్తే గాలి కారుతోందో లేదో తెలిసిపోతుంది. గాలి నింపేటప్పుడు తయారీదారు చెప్పిన పీడనం, చాలా వాటికి 200 బార్, దాటకూడదు. నెమ్మదిగా నింపాలి. సిలిండర్ బిగించే మరల (థ్రెడ్ల) మీద మామూలు నూనె, గ్రీజు అసలే పూయకూడదు.

పెల్లెట్ల ఖర్చూ లెక్కలో ఉంచుకోవాలి. రోజుకు వంద షాట్ల చొప్పున వారానికి ఐదు రోజులైతే 500 పెల్లెట్ల డబ్బా ఒకటి ఖాళీ అవుతుంది. అవి సీసంతో చేసినవి. నోట్లో పెట్టుకోనివ్వద్దు, సాధన కాగానే సబ్బుతో చేతులు కడిగించాలి. రైఫిల్ ఒకచోట, పెల్లెట్లు మరొకచోట తాళం వేసి ఉంచాలి. డాబా మీద సాధన వద్దేవద్దు, గురి తప్పిన పెల్లెట్ పక్కవీధి దాటిపోగలదు.

శిక్షణ కేంద్రాలకు మా విన్నపాలు కొన్ని. చేరిన వారంలోనే రైఫిల్ కొనమని తల్లిదండ్రుల్ని ఒత్తిడి చేయకండి. మడమ, చెంప దిమ్మ సర్దుకునే రైఫిళ్లు మూడో నాలుగో ఉమ్మడిగా ఉంచి, కనీసం మూడు నెలలు వాటితోనే నేర్పండి. శిక్షకుడే రైఫిల్ అమ్మే చోట పిల్లల కొలతలు కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి, వాటిని వారు ఇంకో చోట కూడా చూపించుకుంటారు. పాఠశాలల్లో రేంజ్ నడిపేవారు ప్రతి సిలిండర్ గడువు తేదీని గోడ మీద అందరికీ కనపడేలా రాసి పెట్టండి.

— ఎయిర్ రైఫిల్ శిక్షకులు, హైదరాబాద్