ఎర్రమట్టి దిబ్బల్లో ముందు నడక దారి వేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను భీమునిపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి. ఈ చుట్టుపక్కల బడుల్లోనే ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, విశాఖ వెళ్లే తీరం రోడ్డు పక్కనున్న ఎర్రమట్టి దిబ్బల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్తీక మాసంలో ఒక ఆదివారం, హైదరాబాద్ నుంచి వచ్చిన మా చెల్లెలి కూతురినీ ఆమె పిల్లవాణ్ణీ దిబ్బలు చూపించడానికి తీసుకెళ్లాను. వనభోజనాల రోజులు కదా, రోడ్డు పొడవునా కార్లు, బస్సులు. లోపలికి దిగి గెడ్డ (వాన నీళ్లు పారే వాగు) వెంట నడుస్తుంటే, రెండు నిలువుల ఎత్తున్న ఒక మట్టి గోడ మీద నుంచి కాలేజీ కుర్రాళ్లు కూర్చుని జారుతున్నారు. ఇంకో ఇద్దరు పుల్లతో గోడ మీద పేర్లు చెక్కుతున్నారు. మా మనవడు "తాతయ్యా, నేనూ జారతాను" అన్నాడు. వద్దన్నాను. "వాళ్లు జారుతున్నారు కదా, ఎవరూ ఏమీ అనట్లేదు కదా" అన్నాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అక్కడ తిరిగిన గంటన్నరలో, ఇక్కడ ఎక్కకండి, ఇటు నడవండి అని చెప్పే మనిషి ఒక్కరూ మాకు ఎదురుపడలేదు. మేం నిలబడి చూస్తుండగానే ఆ గోడ అంచు నుంచి రెండు మూడు బస్తాల మట్టి ఊడి కింద పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

దిబ్బలు అంటే మట్టే కదా, పడితే ఏమైంది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. మంచు యుగంలో సముద్రం ఇప్పుడున్న చోటు నుంచి చాలా దూరం వెనక్కి తగ్గింది. అలా బయటపడిన సముద్రపు అడుగు ఇసుకను గాలి వేల ఏళ్ల పాటు ఎత్తుకొచ్చి తూర్పు కనుమల పాదాల దగ్గర పోసింది. ఆ ఇసుకలో ఇనుము ఉన్న ఖనిజాలు ఎక్కువ. ఎండకూ వానకూ అవి శిథిలమై, ప్రతి ఇసుక రేణువు చుట్టూ తుప్పు లాంటి పూత ఏర్పడింది. ఆ ఎరుపు అదే. నిదానంగా చూస్తే పొరలు కూడా కనిపిస్తాయి. అన్నిటికన్నా పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గట్టిపడిన ముదురు ఎరుపు. ఒక్కో పొరలో అప్పటి వాతావరణం ఎలా ఉండేదో రాసి ఉన్నట్టే. పాత రాతి యుగం మనుషుల పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడులో ఉన్నాయి, శ్రీలంకలో ఉన్నాయి, మన దగ్గర ఉన్నాయి. అంతే.

ఇది రాయి కాదు. వదులు ఇసుక. పైన పలచని గట్టి పొర ఒకటి ఉండి లోపలి ఇసుకను పట్టి ఉంచుతుంది. జీడిమామిడి చెట్లూ, తుప్పలూ వేళ్లతో ఇంకాస్త పట్టు ఇస్తాయి. మనిషి కాలు పడి ఆ పై పొర పగిలితే, తర్వాతి వానకు నీళ్లు అక్కడే దారి చేసుకుంటాయి. ఈ ఏడాది అరికాలంత ఉన్న గాడి రెండేళ్లలో కాలువ అవుతుంది. వాన ఎప్పుడూ కోస్తూనే ఉంది, ఆ కోతల వల్లే దిబ్బలకు ఈ రూపం వచ్చింది, నిజమే. కానీ వాన కోసే వేగం వేరు, సెలవు రోజున వేలమంది తొక్కే వేగం వేరు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. తిరుమల కొండలు, కేరళలోని వర్కల, ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవులు కూడా అదే జాబితాలో వచ్చాయి. ఆ రోజు మా వీధిలో అందరం సంతోషించాం. నేనైతే పాత విద్యార్థులకు ఫోన్లు చేసి మరీ చెప్పాను. అయితే తాత్కాలిక జాబితా అంటే దరఖాస్తు పెట్టుకునే అర్హత మాత్రమే. కనీసం ఏడాది ఆ జాబితాలో ఉంటేనే అసలు నామినేషన్ పంపగలం. అది పంపేటప్పుడు స్థలం హద్దులు ఏమిటి, ఎవరు కాపాడుతున్నారు, సందర్శకులను ఎలా నడిపిస్తున్నారు అని అడుగుతారు. ఇప్పుడు అడిగితే మనం ఏమని రాస్తాం? పేరు మాత్రం పేపర్లో వచ్చింది కాబట్టి జనం ఇంకా పెరుగుతారు. పెరగాలి కూడా. నా బాధ జనం వస్తున్నారని కాదు, వచ్చినవాళ్లకు దారి లేదని.

మా భీమిలి చూడటానికి వచ్చేవాళ్లకు చూపించడానికి చాలా ఉన్నాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, గడియార స్తంభం, లైట్‌హౌస్, పావురాల కొండ మీద రాతిలో తొలిచిన బౌద్ధుల నీటి తొట్లు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. వాటికీ బోర్డులు కావాలి, మరుగుదొడ్లు కావాలి, నదీ ముఖం దగ్గర లోపలికి లాగే నీటి గురించి హెచ్చరిక కావాలి. కానీ సమాధి పగిలితే సున్నం పెట్టి బాగుచేయొచ్చు, లైట్‌హౌస్‌కు మళ్లీ రంగు వేయొచ్చు. దిబ్బ కూలితే తిరిగి కట్టే మేస్త్రీ ఎవరూ లేరు. అందుకే ముందు దిబ్బల సంగతి చూడమంటున్నాను.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో అయ్యే పని కాదు. లోపల ఒకే ఒక నడక దారి నిర్ణయించాలి. ఇప్పటికే జనం నడిచి గట్టిపడిన చోట్ల మీదుగానే, గెడ్డ పక్కగా వెళ్లి వెనక్కి వచ్చేలా వేయవచ్చు. దాన్ని సిమెంటుతో కట్టవద్దు. సిమెంటు మీద పడ్డ వాన నీళ్లు ఇంకకుండా పక్కకు దూకి అక్కడి ఇసుకను ఇంకా కోస్తాయి. నేల మీద నుంచి కాస్త ఎత్తుగా చెక్క బల్లల దారి వేస్తే నీళ్లు కిందుగా పోతాయి. దారికి రెండు వైపులా నడుమెత్తు తాడు కట్టినా చాలు. తిరుమలలో శిలాతోరణం అనే సహజమైన రాతి వంపు చుట్టూ కంచె ఉంది. రోజూ ఎంతోమంది వెళ్తారు, ఇవతల నుంచే చూస్తారు, ఫొటో తీసుకుంటారు, ఆనందంగానే తిరిగొస్తారు. అక్కడ ఎవరూ ఆ రాతి మీదికి ఎక్కాలని పట్టుబట్టరు. మనవాళ్లకు క్రమశిక్షణ లేదనే మాటను నేను ఒప్పుకోను. ఎక్కడి దాకా వెళ్లొచ్చో చూపిస్తే మనవాళ్లు అక్కడే ఆగుతారు.

కార్లూ, చిరుతిళ్ల బళ్లూ రోడ్డు దగ్గరే ఆగిపోవాలి. మరుగుదొడ్లూ అక్కడే ఉండాలి. షూటింగుల పేరుతో బండ్లు, జనరేటర్లు లోపలికి వెళ్లడం పూర్తిగా ఆపాలి. వాన కురిసిన రోజూ, ఆ మర్నాడూ లోపలికి పంపకూడదు. తడిసిన గోడలు ఎప్పుడు జారుతాయో చెప్పలేం. సెయింట్ మేరీస్ దీవులకు వానాకాలంలో పడవలే ఆపేస్తారు. ఎవరూ తప్పు పట్టరు.

అన్నిటికన్నా నేను గట్టిగా అడిగేది మనుషుల్ని పెట్టమని. దిబ్బల చుట్టూ ఉన్న పల్లెల్లో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు ఉన్నారు. చేపల వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు, డిగ్రీ చేసిన ఆడపిల్లలు. వాళ్లలో కొందరికి ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రం వాళ్ల చేత నెల రోజులు శిక్షణ ఇప్పించండి. ఆ విభాగంవాళ్లు ఈ దిబ్బల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మనిషికి ఇంత అని చిన్న రుసుం పెట్టి, ఆ డబ్బుతోనే వాళ్లకు జీతాలు ఇవ్వొచ్చు. పది పదిహేనుమందిని ఒక జట్టుగా తీసుకెళ్లి, ఈ ఎరుపు ఎలా వచ్చిందో తెలుగులో చెబితే, విన్న పిల్లవాడు ఆ గోడ మీద పేరు చెక్కడు. నలభైమంది పిల్లల్ని ఏటా అక్కడికి తీసుకెళ్లిన అనుభవంతో చెబుతున్నాను. కథ విన్నాక వాళ్లు చెప్పకుండానే అంచు నుంచి ఒక అడుగు వెనక్కి జరిగేవాళ్లు.

ఇంకొక్క మాట. దిబ్బల్లోకి వచ్చే గెడ్డల నీళ్లు పైనున్న భూముల నుంచి వస్తాయి. ఆ భూముల్ని చదును చేసి, రోడ్లు వేసి, నీటి దారి మళ్లిస్తే కింద మనం ఎన్ని తాళ్లు కట్టినా లాభం ఉండదు. అందుకని హద్దు రాళ్లు దిబ్బలు కనిపించే చోటుతో ఆగకుండా, ఆ నీళ్లు పుట్టే మేర దాకా వేయాలి. సర్వే నంబర్లతో సహా ఆ మ్యాపు భీమిలి తహసీల్దారు ఆఫీసు గోడ మీద, అందరూ చదువుకునేలా అంటించాలి.

పర్యాటక శాఖ, అటవీ శాఖ, రెవెన్యూ, నగరపాలక సంస్థ అందరికీ ఇందులో తలా ఒక భాగం ఉంది. అందువల్ల ఏ పని ఎవరిదో తేలక అలాగే ఉండిపోతోంది. జిల్లా కలెక్టరు గారు దీనికి ఒకే ఒక అధికారిని బాధ్యుడిగా పెట్టి, ఆ పేరు, ఫోను నంబరు దిబ్బల దగ్గర బోర్డు మీద రాయించాలని కోరుతున్నాను. సంక్రాంతి సెలవులకు మళ్లీ జనం వస్తారు. కనీసం తాళ్లు కట్టడం, ఇద్దరు మనుషుల్ని నిలబెట్టడం ఆలోపు చేయొచ్చు.

అధికారులు ఎవరైనా ఒక ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు వస్తే, ఆ దారి ఎటు నుంచి ఎటు వేయొచ్చో నేను వెంట నడిచి చూపిస్తాను. మోకాళ్ల నొప్పులు ఉన్నా అంత దూరం నడవగలను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భీమునిపట్నం