16 వేలకు చేరమంటావా అని అడిగావు కదా

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న అందింది. చెల్లి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుందని చదివి చాలా సంతోషించాను. అయితే హైదరాబాదులో ఒక ఆసుపత్రి నెలకు రూ. 16,000 ఇస్తామన్నదనీ, 45 వేలకు తక్కువైతే చేరనని ఆమె భీష్మించుకుని కూర్చున్నదనీ రాశావు. ఒక్క మాటలో తేలే విషయమైతే ఫోనులోనే చెప్పేవాణ్ని.

ఆ 45 వేలు ఆమె ఊహించుకున్న అంకె కాదు. ఎయిమ్స్ సంస్థలు నార్సెట్ పరీక్ష ద్వారా తీసుకునే నర్సింగ్ ఆఫీసర్లకు కేంద్ర వేతన శ్రేణుల్లోని ఏడో లెవెల్‌లో మూలవేతనమే రూ. 44,900 ఉంటుంది, కరువు భత్యం, నర్సింగ్ అలవెన్సు దానికి అదనం. మన తెలంగాణలో ప్రభుత్వ స్టాఫ్ నర్సు స్కేలు రూ. 36,750 దగ్గర మొదలవుతుంది. కానీ ఇవి పరీక్ష రాసి గెలుచుకోవలసిన జీతాలు. జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, చదివినవారు నార్సెట్ రాయాలంటే కనీసం 50 పడకలున్న ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం చూపాలి. బీఎస్సీ చేసిన చెల్లికి ఆ షరతు లేదు కాబట్టి ఈ ఏడాదే రాయవచ్చు. పైగా ఆ పోస్టుల్లో 80 శాతం మహిళలకే పోతాయి, మిగిలిన 20 శాతం కోసం నాబోటి మగ నర్సులం ఎంత తంటాలు పడ్డామో నీకు తెలియనిది కాదు.

అంతమాత్రాన 16 వేలు న్యాయమైన జీతమని నేననను. ప్రైవేటు నర్సుల జీతాల గురించి సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం ఒక కమిటీని వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, 100 నుంచి 200 పడకలుంటే 10 శాతానికి మించి, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గించరాదనీ, 50 పడకల లోపు చిన్న ఆసుపత్రిలోనైనా రూ. 20,000కు తగ్గకూడదనీ ఆ కమిటీ సిఫార్సు చేసింది. కేరళలో నర్సులు సమ్మెలకు దిగి పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం కనీస వేతనాన్ని 20 వేలుగా ప్రకటించింది. నేను పనిచేసిన ఆసుపత్రుల్లో మాత్రం ఆ సిఫార్సు పేరెత్తినవారే లేరు.

ఇప్పుడు ఆ 16 వేలను విప్పి చూద్దాం. అందులో బేసిక్ 10 వేలనుకుంటే పీఎఫ్‌కు 1,200, ఈఎస్ఐకి 120, వృత్తి పన్నుకు 150 పోయి చేతికి 14,530 వస్తుంది. హాస్టలుకు 6 వేలు కడితే మిగిలేది 8,530. కోతలకు ముందున్న మొత్తం 16 వేలను నెలకు 26 డ్యూటీలు, డ్యూటీకి 8 గంటల చొప్పున లెక్కవేస్తే గంటకు 77 రూపాయలు పడుతుంది. తర్వాతి నర్సుకు రోగులను అప్పగించి (హ్యాండోవర్ ఇచ్చి) బయటపడేసరికి రోజూ ఇంకో గంట గడుస్తుంది కాబట్టి అది 68కి దిగుతుంది. మన తర్వాత డ్యూటీకి రావలసిన రిలీవర్ రాని రోజున చేయించే డబుల్ డ్యూటీకి డబ్బు ఇస్తారా, లేక సెలవు ఇస్తామంటారా అన్నది ముందే అడిగి తెలుసుకోమను.

జీతం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది బాండు, అంటే ఇంతకాలం మానేయనని రాయించుకునే ఒప్పందం. 2013లో నేను 8 వేలకు చేరిన మొదటి ఆసుపత్రిలో, టెన్త్ మెమో మొదలు డిగ్రీ దాకా అన్ని ఒరిజినల్స్ తీసుకుని, అకౌంట్స్ గదిలోని ఆకుపచ్చ ఇనప బీరువాలో పెట్టి, నా ఫైలు మీద పెన్సిలుతో 41 అని రాశారు. ఏడాది తిరగకముందే వేరేచోట 14 వేల ఉద్యోగం వస్తే, ఆ 41వ నంబరు ఫైలు విడిపించుకోవడానికి 50 వేలు కట్టమన్నారు. అంత డబ్బు నాన్న దగ్గర లేదు, నా దగ్గర అంతకన్నా లేదు. ఆ ఉద్యోగం చేజారింది. మరో పద్నాలుగు నెలలు ఆ బీరువా ఎదురుగానే సంతకం పెట్టి డ్యూటీకి వెళ్లాను.

అందుచేత నా సలహా ఇది. ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో కనుక్కుని, కమిటీ చెప్పిన అంకె చూపించి 20 వేలు అడగమను. 18 వేల దాకా వచ్చి, ఐసీయూలో వేస్తామని రాసిస్తే చేరడం మేలు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకున్న రెండేళ్ల అనుభవానికి గల్ఫ్ వెళ్లాలన్నా, జర్మన్ భాష నేర్చుకుని, విదేశీ ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లాలన్నా విలువ ఉంటుంది. జనరల్ వార్డులో వేసి 16 వేలే ఇస్తామంటే, ఇంట్లో కూర్చుని నార్సెట్‌కు చదవడమే నయం, నీకు ఆరు నెలలు పోషించే ఓపిక ఉంటే. ఒరిజినల్స్ అడిగితే మాత్రం జిరాక్సులు ఇచ్చి లేచి రమ్మను, జీతం 30 వేలైనా సరే.

ఆదివారం నాకు నైట్ డ్యూటీ లేదు. ఆఫర్ లెటర్ అన్ని పేజీలూ ఫోటో తీసి పంపమని చెల్లితో చెప్పు. చివరి పేజీలో చిన్న అక్షరాలు ఉంటాయి, అది మరిచిపోవద్దను.

నీ మిత్రుడు